చెయ్యి పట్టి చూడటం, చూసి మందివ్వడం

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్ చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి, "ఆపా, ఈసారి ఆరోగ్యం మీద ఓ అరగంట మాట్లాడండి, దాతలంతా వస్తారు" అన్నారు. ఆరోగ్యం అంటే సముద్రం. అందులో నాకు తెలిసింది ఒక చెంబెడు. వార్డుల్లో పని చేసి, ఆ పైన నర్సింగు పిల్లలకు పాఠాలు చెప్పిన దాన్ని. మొదటి సంవత్సరం పిల్లలకు మేం నేర్పేవి ఎన్ని ఉన్నా, అసలువి రెండే. రోగిని ఎలా చూడాలి? రోగికి మందు ఎలా ఇవ్వాలి? ఈ రెండూ వచ్చిన పిల్ల ఎక్కడైనా బతుకుతుంది, ఎవర్నైనా బతికిస్తుంది. ఈ రెండూ రాకుండా తక్కినవన్నీ వచ్చినా ప్రమాదమే.

ఇది నర్సులకు చెప్పే పాఠం కదా, మాకెందుకు అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. వచ్చే ఏడాది నుంచి మన హాల్లో వారానికొకసారి క్లినిక్కు పెట్టాలని, మంచాన పడ్డ పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి చూసి రావాలని సొసైటీ తీర్మానం చేసింది. ఆ ఖర్చుకు సొమ్ము ఇచ్చేది మీరు. ఇచ్చిన సొమ్ము మేలు చేయాలంటే ఆ గదిలో ఏం జరగాలో మీకు తెలిసి ఉండాలి. తెలియక ఇచ్చినది ఒక్కొక్కసారి కీడు చేస్తుంది. ముందు అదే చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం ఒక ఊళ్ళో ఎవరో పుణ్యాత్ములు వైద్య శిబిరం పెట్టి షుగరు రోగులకు ఉచితంగా ఇన్సులిన్ సిరంజిలు పంచారు. మంచి మనసుతోనే పంచారు. మా ఎరికలో ఒక పెద్దమ్మ, అరవై దాటిన మనిషి, ఒక పెట్టె తెచ్చుకుంది. ఆమె వాడే ఇన్సులిన్ గవర్నమెంటు ఆసుపత్రిలో ఇచ్చినది, మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసా. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. శిబిరంలో పంచినవి నారింజ రంగు మూత సిరంజిలు, మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందుకు చేసినవి. డాక్టరు 20 యూనిట్లు అన్నారు. ఆమె మనవడు కొత్త సిరంజిలో 20 గీత దాకా లాగి పొడిచేవాడు. ఆ గీత దగ్గర ఉన్న మందు మిల్లీలీటరులో ఐదో వంతు. 40 యూనిట్ల సీసాలోంచి ఐదో వంతు అంటే 8 యూనిట్లు. ఇరవై అనుకుని ఎనిమిది చేయించుకుంటోంది ఆ తల్లి.

షుగరు పెరిగింది. ఇంట్లో కోడలు, "అత్తమ్మ దొంగతనంగా మిఠాయి తింటోంది" అంది. కొడుకు కేకలేశాడు. ఆమె ఏడుస్తూ, "నాను తినలేదు బాబూ, మరేటి సెయ్యమంతావు" అనేది. నేను ఆ ఇంటికి రెండుసార్లు వెళ్ళాను. వెళ్ళి తిండి గురించి నాలుగు మాటలు చెప్పి, టీ తాగి వచ్చేశాను. సిరంజి చూపించమని అడగలేదు. మూడోసారి వెళ్ళినప్పుడు మూల బుట్టలో నారింజ మూతలు కనిపించాయి. అప్పటికి కాలి పుండు ముదిరింది. రెండు వేళ్ళు తీసేశారు. తప్పు పంచినవాళ్ళదా, చేసిన పిల్లవాడిదా అని అడిగితే, అందులో నా వాటా కూడా ఉందనే చెబుతాను. నేర్చుకున్న దాన్ని నేను. చూడకుండా వచ్చిన దాన్నీ నేనే.

దీనికి తిరగవేత ఇంకా ప్రమాదం. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు. చెమటలు పట్టి, మాట తడబడి, మనిషి తెల్లారేసరికి లేవకపోవచ్చు. అందుకని మీలో షుగరు రోగులున్న ప్రతి ఇంటివాళ్ళూ ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే సీసా మీద ఉన్న అంకె, సిరంజి మీద ఉన్న అంకె పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే కావాలి. 40కి 40, 100కి 100. దానం చేసేవాళ్ళు సిరంజి కొనే ముందు ఆ రోగి సీసా చూసి కొనండి.

ఇక చూడటం సంగతి. పుస్తకాల్లో దీన్ని నాలుగు భాగాలు చేస్తారు. కళ్ళతో చూడటం, చేత్తో తాకి చూడటం, వేళ్ళతో తట్టి చూడటం, చెవితో వినడం. వరస కూడా అదే. ఒక్క కడుపు దగ్గర మాత్రం వరస మారుతుంది. ముందు చూసి, తర్వాత విని, ఆ తర్వాతే తట్టాలి, నొక్కాలి. ముందే నొక్కేస్తే పేగుల కదలిక మారిపోయి విన్నది తప్పవుతుంది. ఇది చెబితే పిల్లలు పరీక్షకు బట్టీ పడతారు. నాకు కావలసింది బట్టీ కాదు. గుమ్మంలోంచి లోపలికి వస్తున్న మనిషి నడక చూశావా? కూర్చోడానికి గోడ పట్టుకుందా? మాట మధ్యలో ఊపిరికి ఆగుతోందా? పెదాలు నల్లబడ్డాయా? పేరు అడిగే లోపలే సగం పరీక్ష అయిపోవాలి.

మన ఆడవాళ్ళ విషయంలో ఈ చూడటమే కష్టం. బి.పి. చూసే మనిషి మగవాడైతే బురఖా చెయ్యి మీదుగానే పట్టీ కట్టించుకుంటారు. మందపాటి గుడ్డ మీద కట్టిన పట్టీ చెప్పే అంకె నమ్మడానికి లేదు. చెయ్యి పైకి మడిచి బిగుసుకుపోయిన చోట కట్టినా అంతే. లావుపాటి చేతికి చిన్న పట్టీ కడితే లేని బి.పి. ఉన్నట్టు చూపిస్తుంది. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనకుండా కిందికి వేలాడుతుంటే అప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఇన్ని తప్పుల మీద ఒక అంకె రాసి, ఆ అంకె చూసి జీవితమంతా వేసుకునే మాత్ర మొదలుపెడతారు. లేదా మొదలుపెట్టాల్సిన మాత్ర పెట్టరు.

ఈ చిక్కు కొత్తది కాదు. విజయనగరంలో ఆడవాళ్ళ ఆసుపత్రిని ఇప్పటికీ ఘోషా ఆసుపత్రి అంటారు. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రినీ అదే పేరుతో పిలుస్తారు. రిక్షా అబ్బాయిని అడిగినా ఘోషా ఆసుపత్రి అంటేనే తీసుకెళ్ళేవాడు. ఘోషా అంటే పరదాయే. మనదంతా మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో పరదా పాటించే ఆడవాళ్ళు మగ డాక్టర్ల దగ్గరికి రాక ఇళ్ళల్లోనే కాన్పులకు చనిపోతుంటే, మేరీ షార్లీబ్ అనే ఆవిడ ఈ బాధ చూసి తానే వైద్యం నేర్చుకుంది. 1875లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరిన మొదటి నలుగురు ఆడవాళ్ళలో ఆవిడ ఒకరు. ఇంగ్లండులో ఇంకా చదివి వచ్చి, 1885లో మద్రాసులో ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి పెట్టించింది. ట్రిప్లికేన్‌లో కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అని ఇప్పటికీ నడుస్తోంది. పరదా తీసేసి రండి అని ఎవరూ అనలేదు. ఆడవాళ్ళను చూసే ఆడవాళ్ళను తయారు చేశారు. అంతకు ఎంతో ముందు మదీనాలో రుఫైదా అల్ అస్లమియా గాయపడ్డవాళ్ళకు గుడారం వేసి సేవ చేసిందని మన ఇళ్ళల్లో చెప్పుకుంటూనే ఉంటాం. ఖందఖ్ యుద్ధంలో గాయపడ్డ సఅద్ ఇబ్న్ ముఆజ్ గారిని ఆమె గుడారంలోనే ఉంచారు. చెప్పుకోవడం వరకే ఆగిపోయాం. మన బస్తీల్లో నర్సు చదివిన అమ్మాయిలను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

కాబట్టి క్లినిక్కులో నాకు మొదట కావలసింది పెద్ద మెషీను కాదు. చక్రాల మీద తోసుకునే ఒక గుడ్డ తెర. దాని వెనక ఒక ఆడ నర్సు. చేతి సైజును బట్టి మూడు రకాల బి.పి. పట్టీలు. ఆ తెర వెనక చెయ్యి బయటపెట్టి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి చూస్తే వచ్చేదే అసలు బి.పి.

తెర ఉంటే ఇంకొకటి కూడా బయటపడుతుంది. మంచాన పడ్డ అమ్మమ్మల నడుము కింద, మడమల దగ్గర పడే పుళ్ళు. చీర కింద, దుప్పటి కింద దాగి ఉంటాయి. వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. మొదట అది పుండు కాదు, ఎర్రటి మచ్చ మాత్రమే. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. నొక్కినా ఎర్రగానే ఉండిపోతే పుండు మొదలైనట్టే. నల్లటి చర్మం మీద ఎరుపు కనబడకపోతే వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని చేత్తో చూడాలి. రెండు గంటలకొకసారి పక్క మార్చి పడుకోబెడితే చాలావరకు ఆగుతుంది. దీనికి మందు అక్కర్లేదు. మనిషి కావాలి.

పాదాలు చూడటం గురించి ఒక మాట. వజూ చేసుకునేటప్పుడు కాలి వేళ్ళ సందుల్లో వేలు పోనిచ్చి కడుగుతాం కదా, ఖిలాల్ అంటాం. షుగరు ఉన్నవాళ్ళకు ఇంతకంటే మంచి అలవాటు డాక్టరు కూడా చెప్పలేడు. రోజుకు ఇన్నిసార్లు పాదం మీద చెయ్యి పడుతుంటే పగులు, బొబ్బ, ముల్లు తెలియకుండా ఉండదు. అయితే రెండు జాగ్రత్తలు. కడిగాక వేళ్ళ సందులు పొడిగా తుడవాలి. లేకపోతే పాచి పడుతుంది. చలికాలం ఫజర్‌కి వేడినీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఆ వేడి ముందు మోచేతితో చూసుకోవాలి. స్పర్శ పోయిన కాలికి కాలినా తెలియదు. స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. రోగిని కళ్ళు మూసుకోమని, రెండు పాదాల్లో బొటనవేలు, మధ్య వేలు, చిటికెన వేలు కొసలను ఒక్క క్షణం మెల్లగా తాకండి. గుచ్చొద్దు, నొక్కొద్దు. ఆరింట్లో రెండు చోట్ల తెలియలేదంటే ఆ పాదం ప్రమాదంలో ఉన్నట్టే. ఇంగ్లండులో ఇప్స్‌విచ్ అనే ఊరి ఆసుపత్రివాళ్ళు కనిపెట్టిన పద్ధతి ఇది. పైసా ఖర్చు లేదు.

పిల్లల దగ్గర ఊపిరి లెక్కపెట్టడం రావాలి. దగ్గు, జ్వరంతో వచ్చిన పిల్లను తల్లి ఒడిలో పడుకోనిచ్చి, పొట్ట కదలిక చూస్తూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే కుదరదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు 40, అంతకు చేరిందంటే న్యుమోనియా అనుమానించి ఆసుపత్రికి బేగి తీసుకెళ్ళాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు కరోనా రోజుల్లో అందరూ కొన్నారు. గోళ్ళ రంగు ఉన్న వేలికి, గోరింటాకు నల్లగా పండిన వేలికి పెడితే అది చెప్పేది నమ్మొద్దు. పెళ్ళిళ్ళ సీజన్‌లో నర్సులు ఇది గుర్తు పెట్టుకోవాలి.

మన సభ్యుల్లో ఇచ్ఛాపురం, సోంపేట, పలాస వైపు వాళ్ళు చాలామంది ఉన్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో దాని చేతిలో పడని వీధి లేదు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అది పెద్ద మేలు. నర్సుగా నేను చెప్పేది ఇంకొకటి. కిడ్నీ జబ్బంటే కాళ్ళు వాస్తాయి, మొహం ఉబ్బుతుంది, బి.పి. పెరుగుతుంది అని మేం పాఠం చెబుతాం. ముంగాలు ఎముక మీద బొటనవేలితో నొక్కి గుంట పడుతుందేమో చూడమంటాం. ఉద్దానం జబ్బు ఈ పాఠాన్ని వినదు. చాలామందికి మొదట్లో వాపు ఉండదు, బి.పి. మామూలుగానే ఉంటుంది, మూత్రంలో ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. చూడ్డానికి బాగున్న మనిషి లోపల దెబ్బతిని ఉంటాడు. అందుకని ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళను చేత్తో చూసి బాగానే ఉన్నావు పొమ్మనకూడదు. క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించాలి. చూడటం నేర్చుకున్నవాళ్ళకు ఎక్కడ తమ చూపు చాలదో కూడా తెలిసి ఉండాలి.

ఆ వైపువాళ్ళను ప్రతిసారీ అడగవలసిన ప్రశ్న ఒకటుంది. "ఒళ్ళు నొప్పులకు ఏ బిళ్ళ వేసుకుంటన్నావు?" కొబ్బరి తోటలో, జీడి తోటలో పగలంతా పని చేసి సాయంత్రం కిళ్ళీ కొట్లోనో, ఆర్.ఎం.పి. దగ్గరో నొప్పి మాత్ర కొనుక్కుని మింగుతారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి. దెబ్బతిన్న కిడ్నీకి అవి విషం. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు తాగని రోజున మంచి కిడ్నీకి కూడా బరువే. మన క్లినిక్కులో మందులు పంచే బల్ల మీద నొప్పి మాత్రల డబ్బా ఊరికే పంచడానికి పెట్టొద్దని నా విన్నపం. పంచితే దీవెనలు వస్తాయి, నిజమే. ఆ మాత్ర ఎవరికి ఇస్తున్నామో తెలియకుండా ఇవ్వకూడదు.

మందిచ్చే పద్ధతి దగ్గరికి వచ్చాం. ఐదు సరిచూసుకోవాలి అంటాం. మనిషి, మందు, మోతాదు, దారి, వేళ. వినడానికి సులువు. మనిషి అన్నదే తీసుకోండి. మన వార్డుల్లో ఒకేసారి ముగ్గురు షేక్ ఫాతిమా బీలు ఉంటారు. "నువ్వేనా అమ్మా ఫాతిమా బీ?" అని అడిగితే నిద్రమత్తులో ఉన్న మరో ఆవిడ కూడా "ఆఁ" అంటుంది. అలా అడగకూడదు. "నీ పేరేంటమ్మా, భర్త పేరేంటి?" అని ఆమె చేత చెప్పించుకుని, చీటీలో ఉన్న నంబరుతో సరిచూడాలి.

మందు అల్మరాలోంచి తీసేటప్పుడు ఒకసారి, చేతిలో వేసుకునేటప్పుడు ఒకసారి, డబ్బా తిరిగి పెట్టేటప్పుడు ఒకసారి, మూడుసార్లు పేరు చదవాలి. పైకి చదవాలి. నా దగ్గర చదివిన పిల్లలు నన్ను వెక్కిరించేవారు, ట్యూటరమ్మ డబ్బాతో మాట్లాడుతుంది అని. వెక్కిరించనీండి.

మోతాదు దగ్గర తల్లులు ఎక్కువ తప్పుతారు. పిల్లలకు పారాసిటమాల్ వయసును బట్టి కాదు, బరువును బట్టి. కిలోకు 15 మిల్లీగ్రాములు లెక్క. పది కిలోల పిల్లకు 150. సిరప్పుల్లో 5 మిల్లీలీటర్లకు 125 ఉన్నది ఉంది, 250 ఉన్నది ఉంది. మొదటిది 6 మిల్లీలీటర్లు పోయాలి, రెండోది 3 చాలు. చుక్కల మందు సీసాలోనైతే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉంటుంది. ఒకటిన్నర సరిపోతుంది. ఇది తెలియక చుక్కల సీసాను చెంచాతో పోసిన తల్లులను చూశాను. ఇంట్లో చెంచాలు తలోరకం. సీసాతో వచ్చే గీతల మూతను పారేయొద్దు.

వేళ సంగతిలో ఒక నవ్వులాట. చీటీ మీద డాక్టరు 1-0-1 అని రాస్తారు, ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని. ఒక ముసలాయన కొట్టువాడి దగ్గరకెళ్ళి నూట ఒక్క మాత్రలు ఇమ్మన్నాడు. నవ్వొచ్చే మాటే గాని, కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్రను రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఏ దేశంలో చూసినా ఉన్నారు. అది నవ్వే విషయం కాదు. అలాంటి మందు కవరు మీద "సోమవారం మాత్రమే" అని తెలుగులో, చదవగలిగితే ఉర్దూలో కూడా రాసి ఇవ్వాలి. చదువు రానివాళ్ళకు సూర్యుడి బొమ్మ, చందమామ బొమ్మ గీసి ఇవ్వాలి.

దారి అంటే నోట్లోనా, నరంలోనా, కండలోనా అని. ఇక్కడ మనవాళ్ళ సరదా ఒకటి చెప్పక తప్పదు. కాయిలా పడితే చాలు సూదిమందు వేయమంటారు, సెలైన్ ఎక్కించమంటారు. ఎక్కించకపోతే ఆ డాక్టరు డాక్టరే కాదు. అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. మన ఇంట్లో ఐదారు చెంచాల పంచదార. తాగగలిగిన మనిషికి గంజి, ఓ.ఆర్.ఎస్. అంతకంటే మేలు. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు పెద్దది అయితే మొత్తం ఒక లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో కాదు. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకు సరదాకి ఎక్కించిన సెలైన్ ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది. మన క్లినిక్కులో సెలైన్ స్టాండు పెట్టించి దాని మీద పేరు రాయించుకోవాలని ఒక పెద్దాయన నాతో అన్నారు. ఆయన ముందే కూర్చున్నారు, నన్ను మన్నించాలి. ఆ స్టాండు వద్దు భాయ్ సాబ్.

ఇంకొక దానం గురించి కూడా చెప్పి తీరాలి. ఇంట్లో ఎవరైనా పోతే మిగిలిన మందులు సంచిలో వేసి పట్టుకొస్తారు, పేదలకు పనికొస్తాయని. పనికొచ్చేవి ఉంటాయి. కాని సగం స్ట్రిప్పులు కత్తిరించి ఉంటాయి. గడువు తేదీ ఉన్న ముక్క ముందే పోయి ఉంటుంది. కొన్ని కాగితం పొట్లాల్లో విడి మాత్రలు, పేరే ఉండదు. ఫ్రిజ్‌లో ఉండాల్సిన ఇన్సులిన్ ఎన్ని రోజులు కిటికీలో ఉందో తెలియదు. అలాంటివి తీసుకుంటే పేదవాళ్ళ మీద ప్రయోగం చేసినట్టే. పూర్తి స్ట్రిప్పు, పేరు, తేదీ కనబడేవి మాత్రమే తీసుకుంటాం. తక్కినవి తిరిగిస్తే నొచ్చుకోకండి.

రంజాన్ వస్తే ఈ ఐదు సరిచూడటాల్లో వేళ పూర్తిగా తలకిందులవుతుంది. జబ్బు మనిషికి రోజా సడలింపు ఉందని అందరికీ తెలుసు. అయినా మన పెద్దవాళ్ళు వినరు. ఉదయం మాత్ర సెహ్రీకి, రాత్రి మాత్ర ఇఫ్తార్‌కి అని తమంతట తామే మార్చేసుకుంటారు. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి పాత షుగరు మాత్ర నిండు మోతాదులో సెహ్రీకి వేసుకుంటే మధ్యాహ్నానికి షుగరు పడిపోతుంది. రంజాన్‌కు నెలా నెలన్నర ముందే డాక్టరును కలిసి ఏది తగ్గించాలో, ఏది మార్చాలో రాయించుకోవాలి. వేలు గుచ్చి షుగరు చూసుకుంటే రోజా పోదని ఉలమా చెబుతున్నారు. ఇమామ్ సాహెబ్ ఇక్కడే ఉన్నారు, ఆయన నోటి వెంట ఒకసారి మీకు చెప్పించమని నా కోరిక. నేను చెబితే నర్సమ్మ మాట. ఆయన చెబితే వింటారు. చూసుకున్నప్పుడు 70 కంటే తగ్గినా, 300 దాటినా ఆ రోజా అక్కడితో విడవాలి. మగ్రిబ్‌కి అరగంటే ఉంది కదా అని ఆగకూడదు.

ఇక సొమ్ము మాట. దానం ఇచ్చేవాళ్ళకు కనబడే వస్తువు మీద మనసు ఉంటుంది. వీల్‌చెయిరు, మంచం, ఫ్రీజరు బాక్సు. పేరు రాయించుకోవచ్చు. తప్పేం లేదు, అవీ కావాలి. కాని నాకు కావలసిన వాటి మీద పేరు రాయడానికి చోటు ఉండదు. ఒక ఆడ నర్సుకు నెలనెలా జీతం. షుగరు మెషీను ఒకసారి కొంటే అయిపోతుంది, దానికి వేసే స్ట్రిప్పులు నెలనెలా కావాలి. ఉద్దానం వైపు వాళ్ళకు క్రియాటినిన్ పరీక్షల ఖర్చు. జకాత్ సొమ్ము జీతానికి వాడొచ్చా లేదా అన్నది ఇమామ్ సాహెబ్ తేల్చాలి. సదఖా, లిల్లాహ్ సొమ్ముతో చేయవచ్చు కదా అని నా ఆశ.

మన జిల్లాలోనే ఒక సంగతి చూడండి. సోంపేటలో కెనడా మిషన్ డాక్టరు బెన్ గలిసన్ గారు కళ్ళ ఆసుపత్రి నడిపారు. ఆయన కాల్గరీ ఊరికి వెళ్ళి మాట్లాడినప్పుడు ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి విన్నాడు. 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. ఎక్కడి కాల్గరీ, ఎక్కడి సోంపేట! ఆ దాతలు ఇచ్చినది ఎవరి కంటి ఆపరేషన్‌కో పోయింది. కళ్ళు తెరిచిన మనిషి మీద ఎవరి పేరూ లేదు.

రెండోది, మన పిల్లల చదువు. ఏ.ఎన్.ఎమ్. రెండేళ్ళు, జి.ఎన్.ఎమ్. మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగేళ్ళు. ఇంటర్ అయిన అమ్మాయిలు మన బస్తీల్లో ఉన్నారు. ఫీజు ఒక్కటే అడ్డు కాదు. "ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ మన ఆడపిల్లకి ఏటి" అనే మాట అడ్డు. పెళ్ళి సంబంధం రాదని భయం. ఆ మాట అనే తండ్రులే తమ భార్యలకు నొప్పులు వచ్చినప్పుడు ఆడ నర్సు లేదా అని గొడవ పెడతారు. ఎవరి కూతురో చదవాలి, మన కూతురు మాత్రం వద్దు. ఏడాదికి ఇద్దరు అమ్మాయిలను చదివించే ఖర్చు సొసైటీ పెట్టుకుంటే, హాస్టల్‌కు తీసుకెళ్ళి చేర్చే పూచీ నాది. తల్లిదండ్రులతో మాట్లాడే పూచీ కూడా నాదే. ఇప్పటికే ఒక అమ్మాయి తండ్రి ఒప్పుకోలేదు, నాలుగుసార్లు వెళ్ళాను, ఐదోసారి వెళతాను.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట చెప్పి దిగుతాను. భోజనాల ముందు వరండాలో నేనూ, మా పాత విద్యార్థిని ఒకామె కూర్చుని బి.పి. చూస్తాం. ఆడవాళ్ళకు వెనక గదిలో, దుప్పటి తెర కట్టించాం. చేతి మీద గుడ్డ లేకుండా రండి. టీ పంచుతున్నారని విన్నాను. టీ, బీడీ, సిగరెట్టు అయినవాళ్ళు అరగంట ఆగి రావాలి. షుగరు వాడేవాళ్ళు సిరంజి మూత ఏ రంగో గుర్తు తెచ్చుకుని రండి, అడుగుతాను.